అప్పడం ముక్కంత సువార్త కోసం: మాంచెస్టర్‌లో నాలుగు రోజులు

ఇంటికొచ్చి వారం అయింది. సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది, అమ్మ దాని మీద బట్టలు పెట్టుకుని మడతలేసుకుంటోంది. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. వీసా, టిక్కెట్లు, ఫ్లైట్‌లో పెట్టిన తిండి, ఈ గొడవంతా వదిలేస్తున్నా, అవి ఎవరికైనా ఒకటే.

మాది నర్సాపురం. మాది బ్రదరన్ అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం, అంటే 1836లో ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాల వల్ల మా గోదారి డెల్టాలో మొదలైన సంఘాలు ఉన్నాయి కదా, ఆ కూటాల్లో పెరిగినవాళ్ళం. మా అమ్మమ్మకి యోహాను సువార్త చాలావరకు నోటికొచ్చు. మాకు ప్రతి సెలవుల్లో ఒక అధ్యాయం అప్పజెప్పించేది, నా వంతుకి 18 వచ్చింది, యేసుని పిలాతు విచారించేది. ఏటా కన్వెన్షన్‌కి వచ్చే ఒక ప్రసంగీకుడు గారు ఒక ఫోటో చూపించేవారు, గోధుమరంగు చింపిరి ముక్క, ప్రపంచంలోకెల్లా పాత కొత్త నిబంధన ముక్క ఇదే, క్రీ.శ. 125 నాటిది, దీని మీద పిలాతు అడిగిన "సత్యమనగా ఏమిటి" అన్న ప్రశ్న ఉంది అని. నలభై ఏళ్ళు అదే నా బుర్రలో ఉండిపోయింది. అది మాంచెస్టర్‌లో జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉందని, నా తమ్ముడు పదకొండేళ్ళుగా ఉంటున్న స్టాక్‌పోర్ట్ నుంచి బస్సులో వెళ్ళిపోవచ్చని మాత్రం మొన్న మొన్నటిదాకా తెలీదు. తెలిశాక ఇంక ఆగుతానా.

బుధవారం: లైబ్రరీకి వెళ్ళేను, కానీ వేరే లైబ్రరీకి

తమ్ముడికి డ్యూటీ, మరదలికి డ్యూటీ, పిల్లాడికి కాలేజీ. "అక్కా, 192 ఎక్కేయ్, చివరి స్టాపు దిగు, డీన్స్‌గేట్ ఎక్కడని అడుగు" అని చెప్పేసి వెళ్ళిపోయేడు. బస్సుకి 2 పౌండ్లు, ఎంత దూరమైనా అంతే. మన డబ్బుల్లో 230 దాకా. మొదటి రెండ్రోజులు ప్రతిదీ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకునేదాన్ని, తర్వాత మానేశాను, లేకపోతే టీ కూడా తాగలేం.

డ్రైవర్ నన్ను "లవ్" అని పిలిచేడు. ఉలిక్కిపడ్డాను. ఆ ఊళ్ళో అందరూ అందరినీ అలాగే పిలుస్తారట, మనవైపు "అమ్మాయ్" అన్నట్టు. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి మరీ దిగుతున్నారు, స్కూలు పిల్లలు కూడా. ఇంకోటి, కనపడ్డవాళ్ళు "ఆల్రైట్?" అంటారు, నేను మొదటి మనిషికి మోకాలి నొప్పి గురించి చెప్పడం మొదలెట్టేను, పాపం ఆవిడ విన్నాది కూడా. అది ప్రశ్న కాదంట, ఉత్త పలకరింపంట.

బస్సు దిగి ఒక కుర్రాణ్ణి జాన్ రైలాండ్స్ లైబ్రరీ ఎక్కడ బాబూ అంటే యూనివర్సిటీ వైపు చెయ్యి చూపించేడు. వాన. నడిచేను, నడిచేను, ఆక్స్‌ఫర్డ్ రోడ్డు అంతా నడిచి యూనివర్సిటీ లోపలికి వెళ్తే ఎర్ర ఇటుకల పెద్ద బిల్డింగు, లోపల ల్యాప్‌టాపులు, పిల్లలు, కాఫీ మెషీను. ఆ పాత బైబిల్ ముక్క, పపైరస్, ఎక్కడా అంటే కౌంటర్లో అమ్మాయి నవ్వింది. జరిగిందేంటంటే రైలాండ్స్ లైబ్రరీ 1972లో యూనివర్సిటీలో కలిసిపోయింది, అప్పట్నుంచి ఈ కాలేజీ లైబ్రరీకి కూడా చాలా ఏళ్ళు రైలాండ్స్ పేరే ఉండేది. అసలుది ఊళ్ళో డీన్స్‌గేట్ రోడ్డు మీద. నాలాంటివాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారట, ఆ అమ్మాయే చెప్పింది.

ఆకలేసింది. ఇంకాస్త ముందుకెళ్తే రషోమ్, కర్రీ మైల్ అంటారని తమ్ముడు చెప్పేడు కదా అని అటే వెళ్ళేను. పేరు కర్రీ గానీ ఇప్పుడు సగం షవర్మా కొట్లు, హుక్కా కొట్లు, మిఠాయి కొట్లు. ఒక పాకిస్తానీ ఆయన హోటల్లో బిర్యానీ అంటే 9 పౌండ్లకి పళ్ళెం నిండా పెట్టేడు, అన్నం బాగానే ఉంది, కారం మాత్రం మా వైపు పసిపిల్లలకి పెట్టేంత. పచ్చిమిరపకాయలు ఉన్నాయా అని నాకొచ్చిన హైదరాబాద్ హిందీలో అడిగితే ఆయన లోపలికెళ్ళి గుప్పెడు తెచ్చి పెట్టి, ఎదురుగా నిలబడి నేను తినేదాకా చూసేడు. వాటికి డబ్బులు తీసుకోలేదు.

అక్కణ్ణుంచి మళ్ళీ బస్సెక్కి డీన్స్‌గేట్ చేరేసరికి 5:20. 5కే మూసేస్తారట. చీకటి పడుతోంది, ఆ ఎర్ర రాతి గోడలు వానకి తడిసి నల్లగా, లైబ్రరీలా లేదు, చర్చికీ కోటకీ మధ్యలో ఏదోలా ఉంది. బయటే నిలబడి ఫోటో తీసుకుని ఇంటికొచ్చేశాను. తప్పు నాదే, టైము చూసుకోవాలి.

గురువారం: డీన్స్‌గేట్

పొద్దున్నే వెళ్ళిపోయేను. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు, ఫ్రీ. పక్కన కొత్తగా కట్టిన గాజు భాగంలోంచి వెళ్ళాలి.

ఈ లైబ్రరీ కథ కొంచెం చెప్పాలి. జాన్ రైలాండ్స్ అని నూలు బట్టల వ్యాపారి, 17 మిల్లులు, 15,000 మంది పనివాళ్ళు, మాంచెస్టర్‌లో అంత ఆస్తి అంతకుముందు ఎవరికీ లేదంటారు. ఆయన 1888లో పోయేడు. భార్య ఎన్రికెటా, క్యూబాలో పుట్టినావిడ, భర్త పేరు మీద లైబ్రరీ కట్టించింది. 1890లో పని మొదలెడితే 1899కి అయింది, 1900 జనవరి 1న చదువుకునేవాళ్ళకి తెరిచారు. మధ్యలో 1892లో ఒక ఇంగ్లీషు దొరగారి లైబ్రరీ అమ్మకానికొస్తే 43,000 పుస్తకాలు ఒక్కసారే కొనేసింది. సమాధి కట్టించకుండా ఇది కట్టించిందావిడ, నాకు అది నచ్చింది.

అప్పట్లో మాంచెస్టర్ గాలంతా మిల్లుల మసి. అందుకని లోపలికొచ్చే గాలిని తడి గోనెగుడ్డలాంటి తెరల్లోంచి వడకట్టి పంపేవారట. గ్యాసు దీపాలు పెడితే పుస్తకాలు పాడవుతాయని కరెంటు పెట్టించింది, ఆ రోజుల్లో. చదువుకునే హాలు నేల మీద నుంచి 30 అడుగుల ఎత్తులో, రోడ్డు మీద గుర్రబ్బళ్ళ రొద వినపడకుండా. హాలుకి ఒక కొసన జాన్ గారి పాలరాతి బొమ్మ, ఇంకో కొసన ఎన్రికెటా గారి బొమ్మ, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ. మధ్యలో జనం సెల్ఫీలు తీసుకుంటూ.

ముక్క దగ్గరికి వస్తున్నా.

దాటేసి వెళ్ళిపోయేను. నిజంగా. రెండుసార్లు ముందునుంచి వెళ్ళి చూడలేదు, ఎందుకంటే నేను పెద్దది వెతుకుతున్నా, కన్వెన్షన్‌లో తెర మీద ఆరడుగులు కనపడేది కదా. తీరా చూస్తే ఏటీఎం కార్డంత. కొలిస్తే 8.9 సెంటీమీటర్ల పొడుగు, 6 వెడల్పు, అదీ వెడల్పున్న చోట, కింద కోసుగా అయిపోయి. రంగు సరిగ్గా పెనం మీద మాడిన అప్పడం. గాజులో నిలబెట్టేరు, ముందూ వెనకా రెండూ చూడొచ్చు. ఒక్కో పక్క ఏడు లైన్లు, గ్రీకులో.

అక్కడ వాలంటీరు ఒకాయన, డెబ్భై దాటి ఉంటాయి, స్వెట్టరు మోచేతుల దగ్గర అతుకులు. నేను కదలకుండా నిలబడ్డం చూసి వచ్చేడు. నాకు పపైరస్ అంటే ఏంటో ముందు చెప్పమన్నాను. నీళ్ళల్లో పెరిగే గడ్డి, కాడ లోపలి బెండుని పల్చటి పట్టీలుగా కోసి, ఒక వరస నిలువు, దానిపైన ఒక వరస అడ్డం పేర్చి, అదిమి ఆరబెడతారు అన్నాడు. ఫోన్లో మొక్క బొమ్మ చూపించేడు. చూస్తే మన తుంగే! అచ్చం తుంగ కాదులెండి, తుంగ జాతే. కొల్లేటి పక్క మా చుట్టాలు తుంగచాపలు నేస్తారని చెప్తే ఆయనకి భలే సంతోషం వేసింది. అందుకే గాజులోకి దగ్గరగా చూస్తే ఒక పక్క పీచు అడ్డంగా, వెనక్కెళ్ళి చూస్తే నిలువుగా కనపడుతుంది.

రెండు పక్కలా రాసి ఉండటమే పెద్ద విషయం అన్నాడు. చుట్టలాగా చుట్టే పుస్తకమైతే ఒక పక్కే రాస్తారు మామూలుగా. ఇది మన పుస్తకంలా మడిచి కుట్టినదాంట్లో ఒక ఆకు. రెండు వైపులా ఉన్న మాటల మధ్య ఎంత పోయిందో లెక్క కట్టి పేజీకి 18 లైన్లు, మొత్తం సువార్త 130 పేజీలు ఉండేదని అంచనా వేశారు. మొత్తం పుస్తకానికి మిగిలింది ఈ కార్డుముక్క.

1920లో బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్ అనే ఆయన ఈజిప్టులో పాత కాయితాలమ్మేవాళ్ళ దగ్గర కొన్న కట్టల్లో ఇదొకటి. ఏ ఊరి ఇసకలోంచి వచ్చిందో రాసిపెట్టలేదు, అమ్మేవాడు చెప్పడుగా. గ్రెన్‌ఫెల్ 1926లో పోయేడు, ఆయన జోడీ ఆర్థర్ హంట్ 1934లో పోయేడు, కట్టలు కట్టల్లాగే ఉండిపోయేయి. ఆ ఏడే కోలిన్ రాబర్ట్స్ అని పాతికేళ్ళ కుర్రాడు ముక్కలు వేరుచేస్తూ దీన్ని పట్టుకుని ఇది యోహాను 18 అని గుర్తుపట్టేడు, 1935లో చిన్న పుస్తకం వేసేడు. పధ్నాలుగేళ్ళు ఎవరూ చూడకుండా పెట్టెలో ఉంది.

"125వ సంవత్సరంది కదండీ" అన్నాను గొప్పగా. ఆయన మొహం కొంచెం ఇబ్బందిగా పెట్టేడు. దీని మీద తారీఖు లేదమ్మా, చేతిరాత చూసి చెప్పిందే అన్నాడు. రాబర్ట్స్ రెండో శతాబ్దం మొదటి సగం అన్నాడు, ఆ కాలపు పెద్దపెద్దవాళ్ళకి చూపించి మరీ. ఆ రోజుల్లో అది పెద్ద దెబ్బే, ఎందుకంటే అంతకుముందు జర్మనీలో బౌర్ లాంటి పండితులు అసలు యోహాను సువార్త రాసిందే 160 తర్వాత అనేవారు. కానీ 2005లో బ్రెంట్ నాంగ్‌బ్రి అనే ఆయన వ్యాసం రాసి, చేతిరాతని బట్టి అంత సన్నగా చెప్పలేం, రెండో శతాబ్దం చివర, మూడో శతాబ్దం మొదలు కూడా కావచ్చు అన్నాడు. ఇంకో ఇద్దరు 2012లో 125కీ 175కీ మధ్య అన్నారు. మా ప్రసంగీకుడు గారు మాత్రం 125 అని పుట్టినరోజు చెప్పినట్టు చెప్పేవారు. నాకు కొంచెం కోపం వచ్చింది ఆయన మీద, అబద్ధం చెప్పేరని కాదు, మధ్యలో ఉన్న ఇంత కథ చెప్పకుండా ఒక్క అంకె చేతిలో పెట్టినందుకు.

ఇదే లైబ్రరీలో ఇంకా పాత గ్రీకు బైబిల్ ముక్కలు ఉన్నాయట, ద్వితీయోపదేశకాండంవి, క్రీస్తుకి ముందు రెండో శతాబ్దంవి. మమ్మీకి చుట్టడానికి చిత్తుకాగితాల్లా అంటించిన అట్టల్లోంచి ఊడదీశారట. అవి నేను చూళ్ళేదు, ఆయన చెప్పడమే.

లైబ్రరీలో మరుగుదొడ్లు విక్టోరియా రాణి కాలంవి, ఇంకా వాడుతున్నారు. అవి చూడ్డానికి కూడా జనం వస్తారట. ఫోటో తీశాను, ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

రాత్రి ఇంట్లో శీలావతి పులుసు. 192 దారిలో లెవెన్‌షూమ్‌లో బంగ్లాదేశీ కొట్టు ఉంది, అక్కడ ఫ్రోజెన్ శీలావతి దొరుకుతుంది, ముక్కలు వాళ్ళే కొట్టిస్తారు. మరదలు చింతపండు డబ్బాలోది వాడింది గానీ పులుసు మాత్రం మన పులుసే. తిన్నాక మా మేనల్లుడు, తమ్ముడి కొడుకు, పదహారేళ్ళు, నా ఫోన్లో ముక్క ఫోటో పెద్దది చేసి చూస్తూ "అత్తా, నాకు ఈ అక్షరాలు వచ్చు" అన్నాడు. ఎలారా అంటే ఫిజిక్స్‌లో ఉంటాయంట! లాంబ్డా, మ్యూ, ఆల్ఫా, టావ్. సిగ్మా మాత్రం దొరకలేదు వాడికి, పాతరాతలో సిగ్మా ఇంగ్లీషు సీ లాగా ఉంటుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు, మన తాటాకు పుస్తకాల్లాగే అంతా ఒకటే వరస.

ఇంటర్నెట్‌లో అచ్చులో వేసిన గ్రీకు పాఠం పెట్టుకుని, ముక్కలో మిగిలిన అక్షరాలు ఏవో, పోయినవి ఏవో చూసుకుంటూ వచ్చేం. వెనకవైపు ఏడు లైన్లకీ కుడిచేతి కొసలే మిగిలేయి. నాలుగో లైను చివర "లెగెయ్ అఉతో", అంటే ఆయనతో చెప్పెను. అయిదో లైను చివర "కై తూతో", మరియు ఇది. మరి ప్రశ్న? గ్రీకులో ముందు "ఆయనతో చెప్పెను" వచ్చి తర్వాత "పిలాతు, సత్యమనగా ఏమిటి" వస్తుంది. అంటే ప్రశ్న మొత్తం అయిదో లైను ఎడమ సగంలో ఉండాలి.

ఎడమ సగం లేదు. చిరిగిపోయింది.

వాడూ నేనూ మూడుసార్లు చూసేం. సత్యం అన్న మాటలో కొన్ని అక్షరాలు పై లైన్లో, మూడో దాంట్లో, ఉన్నాయి, అది యేసు చెప్పిన వాక్యంలోది. పిలాతు అడిగింది మాత్రం లేదు. ఆయనతో చెప్పెను అని ఉంది, మరియు ఇది అని ఉంది, చెప్పింది లేదు. నలభై ఏళ్ళు నేను ఫోటోలో చూసి ఇదే ఇదే అనుకున్నది అసలు ఆ కాయితం మీద లేనే లేదు. తమ్ముడు టీవీ చూస్తూ "పడుకోండి ఇంక" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం: నూలు, గాంధీగారు, ఎకిల్స్ కేకు

తమ్ముడికి సెలవు. ఊరు చూపిస్తానన్నాడు. వాన ఆగలేదు, అక్కడ వాన మనలా పడదు, గాల్లో నిలబడి ఉంటుంది. గొడుగు 8 పౌండ్లు పెట్టి కొంటే రెండో వీధిలో గాలికి తిరగబడి ఊచలు విరిగేయి. ఆ ఊరివాళ్ళు ఎవరూ గొడుగు పట్టుకోరు, ఎందుకో అప్పుడు తెలిసింది.

కెథెడ్రల్ బయట గాంధీగారి విగ్రహం ఉంది, 2019లో పెట్టేరు, తొమ్మిదడుగులు, చేసింది మన శిల్పి రామ్ సుతారే. ఈ ఊళ్ళో గాంధీగారేంటి అనిపిస్తుంది, ఈ మిల్లుల బట్టలే కదా ఆయన కాల్పించింది. 1931లో లండన్ వచ్చినప్పుడు ఆయన ఈ ప్రాంతానికే, డార్వెన్‌కి, వచ్చి పనిపోయిన మిల్లు కార్మికులని కలిసేరు, వాళ్ళు ఆయన్ని ప్రేమగానే చూసేరు.

అక్కడ నిలబడి తమ్ముడికి మాధవాయిపాలెం గుర్తుచేసేను. మా నర్సాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటే రేవు. అక్కడే ఈస్టిండియా కంపెనీ వాళ్ళ బట్టల ఫ్యాక్టరీ ఉండేది, మన నేతగాళ్ళు నేసిన తెల్ల నూలు గుడ్డ అక్కణ్ణుంచి ఓడలెక్కేది, ఆ గుడ్డకి ఊరి పేరే పెట్టి మడపొల్లం అన్నారు. తర్వాత ఈ మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లులు అదే గుడ్డ మరల మీద నేసి, అదే పేరుతో ప్రపంచమంతా అమ్మేయి. మన నేతగాడి పేరు కూడా పోయి, ఊరి పేరు మాత్రం వాళ్ళ బేళ్ళ మీద మిగిలింది. వాడికి తెలీదు! ఆ రేవులో ఈత నేర్చుకున్నవాడికి. మిల్లులకి వచ్చిన దూది చాలాకాలం అమెరికాలో బానిసలు పండించింది. ఎన్రికెటా గారి పాలరాతి బొమ్మ గురించి నిన్న అంత మురిసిపోయేను కదా, ఇది కూడా చెప్పకపోతే బాగోదు.

చీతమ్స్ లైబ్రరీ చూసేం, 1653ది, మార్క్స్, ఎంగెల్స్ 1845లో కూర్చుని చదువుకున్న కిటికీ పక్క బల్ల ఉంది. తమ్ముడు ఆ బల్ల దగ్గర కూర్చుని ఫోటో దిగేడు, వాడు కాలేజీలో ఎర్రజెండా పట్టుకున్నవాడు లెండి.

మధ్యాహ్నం చేపా చిప్సూ, 11 పౌండ్లు, పక్కన పచ్చబఠాణీ ముద్ద. చేప మీద సిర్కా పోస్తారు. ఉప్పూ కారం లేని చేప ఎలా తింటారో అనుకున్నా గానీ వేడివేడిగా వానలో నిలబడి తింటే బానే ఉంది, కారం సంచీలోంచి తీసి చల్లేను అనుకోండి. తర్వాత ఎకిల్స్ కేకు, పేరుకి కేకు గానీ మన కజ్జికాయకి దూరపు చుట్టం, లోపల ఎండుద్రాక్ష. అమ్మకి నాలుగు పట్టుకొచ్చేను, రెండే మిగిలేయి ఇంటికొచ్చేసరికి.

శనివారం: మళ్ళీ డీన్స్‌గేట్

మర్నాడే ప్రయాణం. మరదలు షాపింగ్ అంది, నేను లైబ్రరీ అన్నాను, ఆవిడ నన్ను వింతగా చూసింది. నిన్ననే కదా వదినా చూసేరు అంది. నిన్న కాదు మొన్న అన్నాను.

అదే వాలంటీరు ఆయన ఉన్నాడు, గుర్తుపట్టేడు. నేను తిన్నగా వెనకవైపుకే వెళ్ళి నాలుగో లైను, అయిదో లైను వెతుక్కున్నాను. మాకు తెలిసినట్టే ఉంది. చిరుగు దగ్గర పీచులు పైకి లేచి ఉన్నాయి, చాపకొస ఊడినట్టు. ప్రశ్న లేదు కదండీ ఇక్కడ అన్నాను. ఆయన లేదు అన్నాడు, చాలామంది అడగరు, ఉందనుకునే వెళ్తారు అన్నాడు.

ఇంకోటి చూపించేడు ముందువైపు తీసుకెళ్ళి. నాలుగో లైన్లో "లోపలికి వెళ్ళెను" అనే మాట. గ్రీకులో దాని మొదట రెండు అక్షరాలు ఉండాలి, రాసినాయన ఒకటే రాసేడు, పలికేటప్పుడు ఒకలాగే వినపడుతుంది కాబట్టి. అప్పటి ఈజిప్టులో చాలామంది అలా చెవికి వినపడ్డట్టే రాసేవారట. ఏ ఊరో, ఏ పేరో తెలీని ఆ మనిషి ఒక్కసారిగా నాకు బాగా దగ్గరివాడైపోయేడు. నా క్లాసులో పిల్లల కాపీలు పాతికేళ్ళుగా దిద్దుతున్నా, సున్నా ఎక్కడ పోయిందో, ఒత్తు ఎక్కడ పోయిందో నాకు తెలుసు.

మీ భాషలో చదువుతారా అని అడిగేడు. ఫోన్లో తెలుగు బైబిల్ తీసి 37, 38 వచనాలు మెల్లిగా చదివేను, గాజు అవతల ఇద్దరు జపాన్ పిల్లలు ఫోన్లు దించి విన్నారు. ఏ మాట సత్యం అన్నదానికి అని అడిగేడు. "సత్యం" అన్నాను. ఆయన నోరు తిప్పుకుని, రెండుసార్లు సణుక్కుని, గట్టిగా అన్నాడు.

"సత్తెం."

అచ్చం మా అమ్మమ్మ. నాకు నవ్వాగలేదు, ఆయన తప్పా అన్నాడు, కాదండీ మా ఊళ్ళో అలాగే అంటారు, ఆయ్, సరిగ్గా అదే అన్నాను. ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, వినపడ్డట్టే.

192లో పై అంతస్తులో కూర్చున్నాను. లెవెన్‌షూమ్‌లో దిగి ఇంకో కిలో శీలావతి తీసుకున్నాను, దిగేటప్పుడు నేను కూడా డ్రైవర్‌కి థాంక్స్ చెప్పేను.